నీలం దారం కట్టిన బీడీలు

చిలకలగూడల మా పక్కింట్ల కిరాయికి ఉన్న లెక్కల సారు మొన్న ఆదివారం చనిపోయిండు. చర్చికి పోనీకి బూట్లు తొడుక్కుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండట. నాకు రాసుడు పెద్దగ రాదు. ఊరి బడిల నేర్చిన అక్షరాలే. అయినా రాస్తున్న. ఆయన మీది ప్రేమ ఒకటి, ఇంకొకని మీది పగ ఒకటి. రెండూ చెప్త.

సారుది కోస్తా దిక్కు. పోలీసు యాక్షన్ అయినంక వచ్చిన కొత్త సర్కారుల, కూలోళ్ల లెక్కలు తీసే ఆఫీసుల నౌకరి. ఎవరు ఏం పని చేస్తున్నరు, ఎంతసేపు చేస్తున్నరు, చేతికి ఏమొస్తున్నది, ఇంటింటికి తిరిగి అడిగి రాసుకునుడే. గందుకే లెక్కల సారంటుంటిమి. ఆ దినాలల్ల కాగితం పట్టుకొని ఎవరొచ్చినా మా వాడల తలుపులు పడేటియి.

"పేర్లు రాసుకొని పట్టుకపోతరా సారూ?" అని మా ఇంటామె మొకం మీదనే అడిగింది.

"పేరు నాకొద్దమ్మా. పని చెప్పండి, చాలు," అన్నడు.

నేల మీదనే కూసునేటోడు. ఏ ఇంట్ల చాయ ఇచ్చినా ముట్టకపోయేది. "మీ టీ తాగితే నా లెక్కకి తీపెక్కుద్దండీ" అని నవ్వేటోడు.

మా ఇంటామె బీడీలు చుడ్తది. కార్ఖానా మున్షీ తునికాకు, తంబాకు, దారం ఇస్తడు. చుట్టినంక తీస్కపోయి వానికే ఇయ్యాలె. వాడు కట్టలు చూసి, ఇష్టమొచ్చినన్ని చెడినయని పక్కకు గుంజుతడు. వాటికి కూలి లేదు. బీడీలు సుత వాపస్ ఇయ్యడు. ఒకసారి మా ఇంటామె అడిగితె, "నీ మొగునికి నోట్లె నాలుకే లేదు, నీకేందే గింత పొడుగు?" అని నలుగుట్ల అన్నడు. నేను అక్కడనే ఉన్న. మాట రాలె. పగ మాత్రం వచ్చింది.

సారు ఒక దినమంత మా వాకిట్ల కూసొని, ఆకు కత్తిరించుడు కాడి నుంచి చూసిండు. ఆ దినం కార్ఖానా ఇచ్చిన ఎర్ర దారం అయిపోతె, మా ఇంటామె నా పాత లుంగీ అంచుల నుంచి నీలం దారం తీసి కట్టింది. మున్షీ చూసి, "నీలం దారమేందే? మాల్ ఖరాబ్!" అని ఆ కట్టలన్నీ పక్కకు ఏసిండు.

మరుసటి వారం సారు కార్ఖానోళ్ల మాట సుత అడగనీకి కార్ఖానాకు వచ్చిండు. మేము సుత లైన్ల ఉన్నం. మున్షీ ఆయనను పన్నుల ఆఫీసరనుకున్నడు. కుర్చీ ఏసిండు. లేబులంటించిన కట్ట చేతిల పెట్టిండు.

"తాగుండ్రి సాబ్. ఖాస్ మాల్. గిసొంటిది సికింద్రాబాదుల దొరకది."

చాయ ముట్టని మనిషి చేయి చాపిండు. మా ఇంటామె మొకం మాడింది. సారు మెల్లగ లేబులు చించిండు. లోపట నా లుంగీ దారం.

"ఎంత బాగా చుట్టారండీ! ఎవరు చుట్టారు?"

మున్షీ నోరు తెరిచిండు, మూసిండు.

"నేనే సారూ. మొన్న ఖరాబని పక్కకేసిన మాల్ గిదే," అన్నది మా ఇంటామె.

"ఏం మున్షీ, నాలుక ఇంట్ల పెట్టొచ్చినవా?" అని ఎనుక నుంచి ఒక ముసలామె. ఆడోళ్లు పొట్టలు పట్టుకొని నవ్విన్రు. ఆ నవ్వుతోని నా కడుపు నిండింది.

సారు నవ్వలె. రాసుకున్నడు. బయటికొచ్చినంక, "వాని పేరు రాయుండ్రి సారూ," అన్న.

"మా ఆఫీసు శిక్షలు వేయదు పెద్దాయనా. పేర్లూ వేయదు. చూసింది చెబుతుంది. ఆ పైన మీ పని."

"మరి నా పగ ఏం చెయ్యాలె?"

"ఉంచుకోండి. పనికొస్తుంది."

మరిచిపోమన్నోళ్లు చానమంది. ఉంచుకోమన్నది ఆయనొక్కడే.

పై వారం ఆడోళ్లందరు ఒకటైన్రు. "చెడిందంటె మా కండ్ల ముంగటనే తుంచు. లేకుంటె కూలియ్యి." పంతానికి మున్షీ మంచి బీడీలే తుంచుకుంట కూసున్నడు. కార్ఖానా సేఠు వచ్చి చూసి వాన్ని తిట్టిన తిట్లు చెవులార విన్న. అప్పటి సంది బీడీలు చెడుడు తగ్గింది.

ఆఫీసోళ్లు అచ్చేసిన బుక్కుల మా సంగతి రెండు లైన్లు వచ్చిందట. వాని పేరు లేదు. నాకు ఆ తక్లీఫ్ ఇంకా ఉన్నది. సారు మీది గౌరవంతోని నేను సుత రాస్తలేను. చదివితె వానికి తెలుస్తది.

సారును మట్టి చేసే దినం సమాధుల కాడికి ఆఫీసు పెద్దలొచ్చిన్రని మున్షీ సుత వచ్చిండు. పిడికెడు మట్టి తీసుకొని ముంగటికి రాబోయిండు. బీడీలు చుట్టే ఆడోళ్లు గుంత చుట్టూ భుజానికి భుజం ఆనిచ్చి నిలబడ్డరు.

"జెర జరుగుండ్రమ్మా," అన్నడు.

ఎవ్వరు జరగలె. నేను సుత జరగలె. ప్రార్థన అయింది, పాదిరి పోయిండు, గుంత పూడింది. గేటు కాడ మళ్లి చూసిన. వాడు అక్కడనే పిడికిలి పట్టుకొని నిలబడ్డడు. వేళ్ల సందుల నుంచి మట్టి వాని చెప్పుల మీద రాలుతున్నది.