కప్పల కోటు పిల్ల

గున్వోర్‌కు ముఖాలు గుర్తుండవు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకటో తరగతి చెబుతున్న మనిషికి ఇది చిన్న లోపమేమీ కాదు. అయినా ఆ సంగతి బడిలో ఎవరికీ తెలియనివ్వలేదు. తరగతిలో బల్లల మీద పేర్లుంటాయి. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపేటప్పుడు పిల్లలే పేరు చెప్పుకుంటారు. ఇక బయటంటారా, బయట వానకోట్లున్నాయి. నార్వే పడమటి తీరాన ఆ ఊళ్ళో ఆగస్టులో బడి తెరిచిన రోజు పట్టుకున్న వాన అక్టోబరు దాకా తెరిపివ్వలేదు. టోపీ కిందికి లాక్కుని, ముక్కు మాత్రం కనిపించేలా తిరుగుతారు పిల్లలు. పచ్చ చారల కోటు ఓడిన్, ఎర్రది ఇల్వా, కప్పల బొమ్మలున్నది తీరిల్. మొదటి వారంలోనే బట్టీపట్టేసింది.

ఆమెకొక నమ్మకం ఉంది. తరగతిలో కూర్చునేది ఇంట్లోవాళ్లు దిద్ది పంపిన పిల్ల, అడవిలో తిరిగేదే అసలు పిల్ల అని. అందుకని ప్రతి గురువారం అందరినీ బడి వెనక అడవికి తీసుకెళ్లేది. వాళ్లు బండలెక్కుతూ, బురదలో పొర్లుతూ ఉంటే తను ఒక మొద్దు మీద కూర్చుని నోటుపుస్తకంలో కోటుకో పేజీ చొప్పున రాసుకునేది. కొత్త పిల్లల్ని తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదని కుర్ర టీచర్లకు హితబోధలు కూడా చేసేది. గొప్పలకేం తక్కువ లేదు.

అక్టోబరులో తల్లిదండ్రులతో మాట్లాడే రోజు వచ్చింది. ఇల్వాను వెంటబెట్టుకుని తండ్రి ఐవిన్ వచ్చాడు. ఫెర్రీ పడవలో పనిచేస్తాడు. భార్యాభర్తలు విడిపోయారు. పిల్ల ఒక వారం ఇతని దగ్గర, ఒక వారం తల్లి దగ్గర.

“సగం రోజులే నా దగ్గరుంటుందండీ,” అన్నాడు కుర్చీ అంచున కూర్చుని. “ఉన్నప్పుడు కూడా నోరు విప్పదు. అదెలాంటి పిల్లో నాకే సరిగ్గా తెలీడం లేదు. మీరు చెప్పండి, గున్వోర్ గారూ.”

గున్వోర్ ఎర్ర కోటు పేజీ తీసింది.

“ఎలాంటి పిల్లేంటి, గడుగ్గాయి! బండ మీదికి అందరికంటే ముందెక్కేది ఇదే. పైకెక్కి, ‘చేతకానివాళ్లారా, రండి!’ అని కేకలు. వాగు కనపడితే చాలు, బూట్ల నిండా నీళ్లు నింపుకుని మరీ దాటుతుంది.”

ఐవిన్ కూతురి వంక చూశాడు. “మా ఇల్వానా!” అని గట్టిగా నవ్వేశాడు. ఇల్వా నవ్వుతున్న తండ్రి ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

మర్నాడు గురువారం. గున్వోర్ కాస్త ముందుగా కోట్లు తగిలించే నడవలోకి వచ్చింది. ‘ఇల్వా’ అని రాసున్న కొక్కెం దగ్గర ఒక పిల్ల ఎర్ర కోటు తీసి పక్క పిల్లకిచ్చి, తను కప్పల కోటు తొడుక్కుంటోంది.

“ఇదేంటే?”

“అడవి రోజు మార్చుకుంటాం,” అంది ఇల్వా. “నా కోటుకి పెద్ద జేబులు. తీరిల్ రాళ్లేసుకుంటుంది. నాకు కప్పలిష్టం.”

“ఎప్పట్నించి?”

“మొదట్నించీ.”

“మరి నేను తీరిల్ అని పిలిస్తే నువ్వే పలికేదానివిగా?”

“నువ్వు కోటుని పిలుస్తున్నావనుకున్నా.”

గున్వోర్ బూట్ల బల్ల మీద కూలబడింది. పప్పులో కాలేసింది, అదీ తండ్రి ముందు. ఈలోగా పద్దెనిమిది మంది పిల్లలూ వచ్చి ఎదురుగా కోట్లు వేసుకుంటున్నారు. వీళ్లలో ఎవరు ఎవరు? ఓడిన్ ఓడినేనా? ముప్పై ఒక్క ఏళ్లలో ఇంకెంతమంది తండ్రుల చేతుల్లో పక్కింటి పిల్లను పెట్టి పంపిందో!

“నిన్న నేను చెప్పింది నీ గురించి కాదని తెలుసుగా నీకు. చెప్పలేదేం?”

“నాన్న నవ్వాడుగా,” అంది ఇల్వా.

ఆ రోజు అడవిలో ఒక్క ముక్క రాయలేకపోయింది. నిజం చెబితే ఆ తండ్రి నవ్వు పోతుంది. చెప్పకపోతే అతను వేరే ఎవరి కూతురినో తన కూతురనుకుంటూ బతుకుతాడు. ఎటూ తేలలేదు. తేలకుండానే, బడి వదిలాక ఫోను చేసింది.

“నిన్న తప్పు చెప్పాను, ఐవిన్. నాకు ముఖాలు గుర్తుండవు. కోటు చూసి రాసుకుంటాను. ఆ బండలెక్కే పిల్ల ఇల్వా కాదు.”

అవతల ఫెర్రీ ఇంజను మోత వినిపిస్తోంది.

“తెలుసండీ,” అన్నాడు ఆ మోతలోంచి. “అది ఇంట్లో మెట్లు దిగాలన్నా కడ్డీ వదలదు. మీరు చెప్తుంటే నా మొహమే చూస్తోంది. కాదంటే చిన్నబుచ్చుకుంటుందని నవ్వాను.”

పిల్ల కోసం తండ్రి నవ్వాడు, ఆ నవ్వు కోసం పిల్ల నోరు మూసుకుంది. ముగ్గురిలోనూ నమ్మింది తనొక్కతే.

“మరి మా పిల్ల అడవిలో ఏం చేస్తుందండీ?”

ఆమె కప్పల కోటు పేజీ తీసింది. అందులో చెప్పుకోదగ్గదేమీ లేదని ఇన్నాళ్లూ అనుకుంది. చదివింది.

“‘ఓడిన్ చెయ్యి చలికి కొంకర్లు పోతుంటే తన చేతి తొడుగు తీసిచ్చింది.’ వాడు ఓడినో కాదో ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను. తర్వాత... ‘ఎప్పుడూ అందరికంటే వెనక నడుస్తుంది. ఎందుకని అడిగితే, ఎవరైనా ఆగిపోతే చూడ్డానికి ఒకళ్లుండాలిగా అంది.’”

“ఇంకోసారి చదవండి,” అన్నాడు ఐవిన్. “మోతలో సరిగ్గా వినపడలేదు.”

మళ్లీ చదివింది. ఈసారి అతను నవ్వలేదు.

“ఇంట్లో కూడా నా వెనకాలే తిరుగుతుందండీ,” అన్నాడు. “భయమనుకున్నాను.”