ఉమ్మేసే మనిషిని చంపడమెలా? కెంట్ ద్రాక్షతోటలో ఒక శనివారం

ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ నుంచి కెంట్ ద్రాక్షతోటలకు ఎలా వెళ్లాలని వెతుక్కుంటూ ఈ పేజీకి వచ్చినవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. నేను వెళ్లింది ద్రాక్ష కోసం కాదు, హత్య కోసం. ఒక తెలుగు వెబ్ పత్రికలో వారం వారం మారుపేరుతో డిటెక్టివ్ నవల రాస్తున్నాను. కథంతా ఇటలీలో, టస్కనీ కొండల మీద వైన్ తయారుచేసే ఒక ఊళ్లో జరుగుతుంది. నేను ఇటలీ చూడలేదు, వైన్ తాగలేదు. పుట్టింది గుంటూరు దగ్గర, పెరిగింది చర్చి పక్క వీధిలో, పనిచేసేది ఇక్కడ ఒక కేర్ హోమ్‌లో నర్సుగా. అయినా పదకొండు వారాలు నిక్షేపంగా లాక్కొచ్చాను. నవలలో బెర్నార్డో అనే పెద్దమనిషి వైన్ రుచి చూసి మంచిచెడ్డలు తేల్చడంలో దేశానికే దిట్ట. ఒక సభలో అందరి ముందు ఒక గ్లాసు రుచి చూసి, అందులో విషం ఉండటంతో కుప్పకూలిపోతాడు. అనుమానం ఆస్తి కోసం కాచుకుని కూర్చున్న తమ్ముడి మీద. పాపం, భార్య మొదటి వారం నుంచీ ఏడుస్తూనే ఉంది.

పన్నెండోది, అంటే ఆఖరి భాగం రాయబోతుండగా ఒక పాఠకుడి ఉత్తరం వచ్చింది. వైన్ రుచి చూసే నిపుణులు దాన్ని మింగరట. నోట్లో పుక్కిలించి పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారట. "మరి బెర్నార్డో ఎలా చచ్చాడు?" అని అడిగాడాయన. సంపాదకుడు ఫోన్ చేసి, "మేడం, సోమవారం పొద్దుటికల్లా దీనికి జవాబున్న ముగింపు పంపండి. లేదంటే సీరియల్ ఇక్కడితో ఆపేద్దాం. పుస్తకంగా వేసే ఆలోచన కూడా మానుకుందాం" అన్నారు. ఆ పుస్తకం కోసమే, సీరియల్ మొదలవక ముందు నుంచీ, ఏడాదిగా షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య నిద్ర మానుకుని రాస్తున్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత కోపం వచ్చింది, అదీ బెర్నార్డో మీద. చచ్చినవాడు చచ్చినట్టు ఉండక ఈ తిరకాసేమిటి?

ఇటలీ వీసాకు అపాయింట్‌మెంటే నెలలు పడుతుంది. ఇంగ్లండ్‌లోనే వెతికితే కెంట్‌లో ఒక తోట దొరికింది. అక్కడ వైన్ తయారుచేసేది టస్కనీ నుంచి వచ్చిన రెంజో అనే ఆయన. శనివారం పన్నెండు గంటల టూర్‌కు ఇంకా టికెట్లున్నాయి. మనిషికి ఇరవై ఎనిమిది పౌండ్లు, తోట చూపించి నాలుగు రకాలు రుచి చూపిస్తారు. చిక్కల్లా ఏమిటంటే ఆ శనివారం చర్చి క్లీనింగ్ నా వంతు. ఎవరి వంతు ఎప్పుడో రోటా రాసేది సుగుణ ఆంటీ. వయసు అరవై తొమ్మిది, ఆస్పత్రిలో వార్డు సిస్టర్ గా చేసి రిటైరైన మనిషి, మా సండే స్కూల్‌కు పెద్ద దిక్కు. ఆవిడ రాసిన రోటా మార్చడం కంటే పార్లమెంటులో చట్టం మార్చడం తేలిక.

ఆవిడకు మెసేజ్ పెడుతుంటే 'వైన్' అని రాయడానికి చెయ్యి రాలేదు. "ద్రాక్షతోట చూడ్డానికి వెళ్తున్నాను ఆంటీ. ద్రాక్షారసం ఎలా చేస్తారో చూపిస్తారట" అని పెట్టాను. అబద్ధమేమీ కాదు, వాక్యంలో, అంటే బైబిల్లో, ద్రాక్షారసం అంటే వైనే. కానీ మా చర్చిలో ప్రభురాత్రి భోజనానికి ఇచ్చే ద్రాక్షారసం సుగుణ ఆంటీ స్వయంగా నల్లద్రాక్ష ఉడికించి, వడకట్టి, పంచదార కలిపి చేసేది. మత్తు మాట అటుంచి, అందులో పులుపు కూడా ఉండదు. నిమిషంలో జవాబు వచ్చింది: "వాక్యంలో ఇన్ని ద్రాక్షతోటలు చదివాను, ఒక్కటీ చూళ్లేదు. నేనూ వస్తా. నీ క్లీనింగ్ వంతు వచ్చే వారానికి మార్చాను. పులిహోర చేస్తాలే." గోతిలో పడ్డాక ఇక చేసేదేముంది, రెండో టికెట్ కొన్నాను.

పొద్దున్న ఎనిమిదిన్నరకు బయలుదేరాం. మా ఊరి రౌండబౌట్లన్నీ దాటి ఎమ్ వన్ హైవే ఎక్కి, అక్కడి నుంచి ఎమ్ ట్వంటీఫైవ్ మీద తూర్పుగా తిరిగితే డార్ట్‌ఫర్డ్ వంతెన వస్తుంది. దాని మీద థేమ్స్ దాటితే అవతల కెంట్. ట్రాఫిక్ లేకపోతే రెండుంపావు గంటల ప్రయాణం, మాకు రెండున్నర పైనే పట్టింది. వంతెన మీద ఆంటీ అటూ ఇటూ చూసి, "టోల్ తీసుకునే మనిషే లేడేంటే గ్రేసూ?" అన్నారు.

"ఆన్‌లైన్‌లో కట్టాలి ఆంటీ. మూడున్నర పౌండ్లు. రేపు రాత్రి పన్నెండు లోపల కట్టకపోతే ఫైన్ వేస్తారు."

"మర్చిపోయేవాళ్ల మీదే బతుకుతున్నారన్నమాట" అని తేల్చేశారావిడ. నేను నవ్వాను గానీ మనసు మనసులో లేదు. తోట గేటు దగ్గర పెద్ద అక్షరాలతో 'వైన్' అని రాసి ఉంటే ఏం చెప్పాలా అని దారి పొడుగునా ఆలోచిస్తూనే ఉన్నాను. రాసే ఉంది. దేవుడి దయవల్ల ఆంటీ అప్పుడు బ్యాగులో స్పూన్లు వెతుక్కుంటున్నారు.

బయటి తిండి లోపలికి తేకూడదని బోర్డు పెట్టారు. కేఫ్‌లో చీజ్ ముక్కల పళ్లెం పద్ధెనిమిది పౌండ్లు. మేం కార్ పార్కులోనే డిక్కీ తలుపు కింద నిలబడి పులిహోర తినేశాం. పన్నెండింటికి రెంజో వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, గొంతు పెద్దది, బూట్ల నిండా బురద. అక్టోబర్ మొదటి వారం కావడంతో కోతలు చివరికొచ్చాయి, వరసల చివర అక్కడక్కడా గుత్తులు మిగిలున్నాయి. నడుమెత్తు తీగల్ని ఇనుప తీగెలకు కట్టి బారులు తీర్చారు. ఆంటీ ఆగి చూసి, "అబ్బ, వార్డులో మంచాలు సర్దినట్టు ఎంత ముచ్చటగా ఉందే" అన్నారు. రెంజో ఒక గుత్తి కోసి ఇచ్చాడు. ఇంతింత చిన్న పండ్లు, నిండా గింజలు, తీపి మాత్రం నాలిక్కి అంటుకునేంత. ఆంటీ చెయ్యెత్తి "స్తోత్రం" అన్నారు. ఆవిడ సంతోషం చూస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత పాత గిడ్డంగిలో పొడవాటి బల్ల చుట్టూ ఎనిమిది మందిని కూర్చోబెట్టారు. ఒక్కొక్కరి ముందు నాలుగు గ్లాసులు, మధ్యలో ఒక స్టీలు బకెట్. రెంజో ఒక గుక్క నోట్లో పోసుకుని, గరగరలాడించి, బకెట్‌లోకి బాణంలా వదిలాడు. "ఇలా ఉమ్మేయండి. రోజుకి యాభై రుచి చూడాలి, మింగితే ఇంటికెళ్లలేను" అన్నాడు. ఆ మాటతో ఒక్కొక్కరూ అందులోనే ఉమ్మడం మొదలుపెట్టారు. అంతమంది ఎంగిలి ఒకే బకెట్లో! మా అమ్మ చూసి ఉంటే ముందు మమ్మల్ని, మా వెనకే బకెట్‌ను వీధిలోకి విసిరేసేది. బండి నడపాలి కాబట్టి నేను నాలుక తడిపీ తడపనట్టు చేసి, కళ్లు మూసుకుని ఉమ్మాను. ఆంటీ అప్పటికే గ్లాసు ముందు తలవంచి ప్రార్థనలో ఉన్నారు. తోట కోసం, కూలీల కోసం, వానల కోసం, ఈ దేశ పాలకుల కోసం. ఆవిడ ప్రార్థన చిన్నగా ఉండదు.

అదే అదనుగా రెంజోను అడిగాను. "నిపుణుడైనవాడు ఎప్పుడైనా పొరపాటున మింగుతాడా?"

"చస్తే మింగడు."

"అందులో విషం ఉంటే?"

"అప్పుడు అసలే మింగడు. వాసనకే కనిపెట్టేస్తాడు. ఎందుకు అడుగుతున్నారు?"

నా ఎడమ పక్కనున్న జంట కుర్చీలు కాస్త దూరం జరుపుకున్నారు. నేను నోట్‌బుక్‌లో 'బెర్నార్డో బతికే ఉన్నాడు' అని రాసుకుని పెన్ను మూసేశాను. ఇంత దూరం వచ్చి ఏడాది కష్టాన్ని ఆ బకెట్లో పోసుకున్నాననిపించింది.

అంతలో ఆంటీ "ఆమేన్" అని గ్లాసు ఎత్తారు. ముక్కు దాకా వచ్చాక చెయ్యి ఆగింది. ఒకసారి నా వైపు చూశారు. రెంజో మర్యాదగా బకెట్ ఆవిడ ముందుకు జరిపాడు. ఆంటీ తల అడ్డంగా ఊపి, గ్లాసులో ఉన్నదంతా ఒక్క గుక్కలో తాగి, కషాయం మింగిన ముఖం పెట్టారు.

"ఇది వైను కదే?"

"అవునాంటీ. క్షమించండి."

"వాసనకే తెలిసిపోయింది. నలభై ఏళ్లు స్పిరిట్ వాసనలో బతికినదాన్ని."

"తెలిసి కూడా ఎందుకు మింగారాంటీ? బకెట్ ఉందిగా!"

"ప్రార్థన అయిపోయిందిగా! స్తోత్రం చెప్పి పుచ్చుకున్నదాన్ని ఎవరన్నా తుపుక్కున ఉమ్మేస్తారటే? ఎట్టా ఉన్నా మింగాల్సిందే."

నేను లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. ఆంటీ అన్నది ఇంగ్లిషులో చెప్పగానే రెంజో బల్ల చరిచి, "మా ఊళ్లోనూ అంతే! కోతల పండక్కి ఫాదర్ దీవించిన మొదటి గ్లాసు పుల్లగా పాడైపోయినా మా నాన్న అడుగు దాకా తాగేవాడు. ఆయన నాలుక ఎలాంటిదనుకున్నారు!" అన్నాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది, బెర్నార్డో చచ్చిన సభలో ఒక ఫాదర్ ఉన్నాడు. ఆ భాగం రాసేటప్పుడు నాకు ఇటలీ సభలు ఎలా ఉంటాయో తెలియదు. పెళ్లయినా, పుట్టినరోజైనా, కొత్త కారైనా మాకు ప్రార్థన లేకుండా మొదలవదు. అందుకని అలవాటు కొద్దీ ఒక ఫాదర్‌ను తెచ్చి వైన్‌ను దీవింపజేశాను. తర్వాత ఆయన్ని గదిలోంచి పంపించడం కూడా మర్చిపోయాను. బెర్నార్డో విషాన్ని కనిపెట్టలేకపోవడం కాదు. ఏదో తేడా ఉందని కనిపెట్టాడు, అయినా దీవించిన గ్లాసు కాబట్టి మింగాడు.

మిగతా మూడు గ్లాసుల మీదా ఆంటీ ప్రార్థన చెయ్యలేదు, కాబట్టి ముట్టుకోలేదు. చెవులు మాత్రం వేడెక్కాయన్నారు. మూడు గంటలకు తిరుగు ప్రయాణం. కారులో నవల సంగతి, మారుపేరు సంగతి మొత్తం కక్కేశాను. చీవాట్లు పడతాయనుకుంటే ఆవిడ అడిగింది వేరు.

"ఇంతకీ చంపిందెవరు?"

"ముందే చెప్పకూడదాంటీ."

"రోటా రాసేది నేను."

"తమ్ముడు, ఆంటీ."

"ఆ తమ్ముడు చర్చికి వస్తాడా?"

"రాడు. జూదగాడు."

"మరి దీవించినదాన్ని బెర్నార్డో ఉమ్మడని వాడికెట్టా తెలుసు? ఆదివారం ఆదివారం పక్కన కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. పెళ్లాం ఏం చేస్తోంది?"

"పదకొండు వారాలుగా ఏడుస్తోంది."

"అన్నం తినకుండానా? చచ్చినవాళ్ల పెళ్లాల్ని వార్డుల్లో ఎంతమందిని చూశాను. నిజంగా ఏడ్చేవాళ్లకి నాలుగో రోజున ఆకలేస్తుందే. అది ఏడవట్లేదు, తన గుట్టుకు కాపలా కాస్తోంది" అని సీటు వెనక్కి వాల్చి, సెయింట్ ఆల్బన్స్ దాటే వరకూ గురకపెట్టి నిద్రపోయారు.

ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని రాత్రి పదికల్లా ముగింపు పంపేశాను. హంతకురాలు భార్య. సోమవారం సంపాదకుడు ఫోన్ చేసి, "మొదట్లోనే ఫాదర్‌ను అక్కడ నిలబెట్టారంటే ఎంత ముందు చూపండీ! పుస్తకం వేస్తున్నాం" అన్నారు. "అవునండీ, చాలా ఆలోచించాను" అన్నాను. ఆ అబద్ధం వెంటనే ఆంటీ దగ్గర ఒప్పుకున్నాను.

ఇటలీ చూడకుండా ఇటలీ గురించి రాస్తున్నానని ఏడాదిగా సిగ్గుపడ్డాను. చూస్తే బావుండేదే, కాదనను. కానీ అంతకంటే ఎక్కువ సిగ్గుపడాల్సింది, నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం పక్కన కూర్చునే మనిషికి నేను ఏం రాస్తున్నానో చెప్పకపోవడం. తెలిస్తే తప్పు పడతారని నాకు నేనే అనుకున్నాను, ఆవిడను ఒక్కసారీ అడగలేదు. పుస్తకం మొదటి పేజీలో అంకితం ఎవరి పేరున ఉండాలో నాకు తెలుసు. ఆ మాట చెబితే ఆవిడ, "నా పేరు సరే, ముందు నీ పేరు పెట్టుకో" అన్నారు. మారుపేరు తీసేస్తున్నాను. చెబుతుంటే భయంగా ఉంది, సంతోషంగానూ ఉంది.

వెళ్లేవాళ్లకు ఒకే సలహా. ఇంట్లో భక్తిగల పెద్దవాళ్లను వెంట తీసుకెళ్తే, బకెట్ ఎందుకుందో వాళ్లు తల వంచకముందే చెప్పండి. ఆమేన్ అన్నాక చెప్పి లాభం లేదు.