బొగ్గుల లారీలో బాలింత

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తిండి తిన్నది ఒక లారీ. మనుషులకు జొన్న గటక దొరకడమే కష్టమైన రోజుల్లో అది పూటకో గోనెసంచెడు బొగ్గులు మింగేది. లక్సెట్టిపేటలో మా ఇంటి ముందు దాన్ని తెచ్చి నిలిపిన రోజు సగం ఊరు చూడటానికి వచ్చింది. నేను మాత్రం ధాన్యం గుమ్మి వెనక దాక్కున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడాది అది. మిలిటరీ రంగు బండి కనబడితే చాలు, మా ఊరి మగపిల్లలకు లాగులు తడిసేవి. నేను లంగా కట్టుకునేదాన్ని, అంతే తేడా.

మా బాపుకు కలప వ్యాపారం. యుద్ధంలో తిరిగి తిరిగి అరిగిపోయిన ఆ లారీని హర్రాజులో చవకగా కొన్నాడు. కొన్నాక తెలిసింది, అది పెట్రోలును నీళ్లలా తాగుతుందని. అప్పట్లో పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. నెల కూపన్లన్నీ కలిపినా రెండుసార్లు అడవికి పోయి రావడం గగనం. మా బాపమ్మ, అంటే బాపు తల్లి, అరుగు మీద కూర్చుని "ఏనుగును కట్టేసుకున్నడు, మేపుడు మరిచిండు" అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేది.

అందుకని బాపు కరీంనగర్ నుంచి ఒక మిస్త్రీని పిలిపించాడు. మిలిటరీ బండ్ల మీదే పని నేర్చిన మనిషి. మేము చిచ్చా అనేవాళ్లం. ఆయన నెల రోజులు మా వాకిట్లోనే ఉండి ఆ పెట్రోలు బండిని గ్యాసు బండిగా మార్చాడు. లారీ వెనక ఎడమ మూలన మనిషెత్తు ఇనుప డ్రమ్ము బిగించి, ఎవరికీ కాలకుండా చుట్టూ ఇనుప జాలీ కట్టాడు. డ్రమ్ము నిండా బొగ్గులు పోసి అడుగున నిప్పు పెట్టి, గాలి మాత్రం పిసినారిలా కొంచెం కొంచెం వదిలేవాడు. సరిగా మండలేక ఆ బొగ్గుల నుంచి గ్యాసు పుట్టేది. అది గొట్టాల్లో చల్లబడి, కొబ్బరి పీచు కుక్కిన డబ్బాలో మసి వదిలేసి ఇంజన్లోకి పోయేది.

గ్యాసు తయారైందో లేదో చూడటానికి చిచ్చా ఒక చిన్న గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీసేవాడు. అక్కడ పొగ ఉండదు, వాసన ఉండదు, కంటికి ఏమీ కనబడదు. ఏమీ లేని చోట నీలం మంట లేచి నిలబడేది. అది చూసిన మొదటి రోజు నేను పరుగెత్తుకెళ్లి అవ్వ, అంటే మా అమ్మ, కొంగులో దూరాను. ఆ గ్యాసు సంగతి చిచ్చా మా బాపుకు చాలాసేపు ఉర్దూలో చెప్పాడు. లారీ మీది టార్పాలిన్‌కు వెనకవైపున్న పర్దాను ఎప్పుడూ ఎత్తే ఉంచాలని ఒట్టు కూడా వేయించుకున్నాడట. నాకప్పుడు ఉర్దూ రాదు. చిన్నపిల్లకు ఎందుకులే అని ఎవరూ తెలుగులో చెప్పలేదు.

నాకు వేరే పని అప్పజెప్పాడు చిచ్చా. డ్రైవరు కూర్చునే క్యాబిన్‌కు వెనక ఇనుప రేకు ఉండేది. లారీ తొట్టిలో కూర్చుని ఆ రేకు మీద కర్రతో టకటక కొడుతూ ఉండాలి. "నువ్వు కొట్టినంతసేపే గీ ఇంజను నడుస్తది బిడ్డా. నువ్వు ఆపినవనుకో, గది సుత ఆగుతది" అన్నాడు. నేను నమ్మాను. నమ్మకేం చేస్తాను, నీలం మంటను చూసిన దాన్ని. అంత పెద్ద బండి నా చేతి కర్రతో నడుస్తుందంటే గర్వం కొంచెం, భయం బోలెడంత.

ఆ చలికాలంలోనే జైనూరు నుంచి మా అక్క కబురు వచ్చింది. బావకు అక్కడ జంగ్లాతులో, అంటే అడవి శాఖలో, చిన్న నౌకరీ. తొలికాన్పుకు అక్కను మా ఇంటికి తెచ్చుకోవాలని అనుకుంటూ ఉండగానే ఎనిమిదో నెలలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల గుప్పెడంత ఉందని, పాలు సరిగా తాగడం లేదని, అక్క నీరసపడిందని కబురు. ఎడ్లబండిలో తేవాలంటే మూడు రోజులు పుష్యమాసపు చలిలో అడవి దారి. అంత చిన్న ప్రాణం ఆగుతుందా అని అవ్వ ఏడ్చింది. లారీలో అయితే ఒక్క పగలు. పురుడు గడవగానే బాపు లారీ కట్టించాడు. అవ్వ బాలింత గది సిద్ధం చేయడానికి ఇంట్లో ఉండిపోయింది. బాపమ్మ, బాపు, చిచ్చా, కర్ర పట్టుకుని నేను వెళ్లాం.

తిరుగు ప్రయాణంలో తొట్టిలో మందంగా గడ్డి పరిచి, దాని మీద బొంతలు వేసి అక్కను పడుకోబెట్టారు. డ్రమ్ము వేడి తగులుతుందని బాపమ్మ అక్కనూ పిల్లనూ ఆ మూలకే జరిపింది. నేను ఈ చివర, రేకు దగ్గర. పొద్దున్నే బయలుదేరాం. దారి పొడవునా కొడుతూనే ఉన్నాను. చెయ్యి మారుస్తూ కొట్టాను. మధ్యమధ్యలో చిచ్చా ముందు నుంచి "షాబాష్" అని అరిచేవాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒక వాగు దగ్గర ఆగాం. చిచ్చా నమాజుకు వాగులోకి దిగాడు. ఆ కాస్త వ్యవధిలోనే బాపు తానే డ్రమ్ములో బొగ్గులు నింపి మూత పెట్టాడు. మూత మరను సగమే తిప్పి వదిలేశాడని తర్వాత తెలిసింది. అప్పుడే చల్లటి గాలి ఒకటి తిరిగింది. మా బాపమ్మకు గాలి అంటే పాము కన్నా ఎక్కువ. పచ్చి బాలింతకు గాలి సోకితే సన్నిపాతం వస్తుందని, పసిపిల్లకు సోకితే బతకదని ఆమె నమ్మకం. ఆమె ఒక్కతేనా, మా ఊరి ఆడవాళ్లందరి నమ్మకమూ అదే. బాలింత గదిలో కిటికీ మూసి, సందుల్లో పాత బట్టలు కుక్కి, కుంపటి పెట్టని ఇల్లు మా వైపు లేదు.

"పర్దా దించు కొడుకా. డ్రమ్ము సుత లోపలికే వచ్చేటట్టు కట్టు. ఊకె దొరికిన కుంపటాయె" అంది బాపమ్మ. బాపు ఒక్క క్షణం ఆగాడు. చిచ్చా పోయిన వైపు చూశాడు. కానీ తల్లి మాట. పర్దాను డ్రమ్ముకు అవతలి నుంచి లాగి తాళ్లతో గట్టిగా కట్టాడు. బాపమ్మ లోపలి నుంచి సందుసందులోనూ చీర ముక్కలు కుక్కింది. లోపల చీకటైంది, వెచ్చగానూ అయింది. చిచ్చా వచ్చి ముందు నుంచే క్యాబిన్ ఎక్కి లారీ కదిలించాడు. వెనక్కి వచ్చి చూడలేదు.

అక్కడి నుంచి జన్నారం అడవి, పెద్ద దిగుడు. చీకట్లో కొడుతున్నాను. కొంతసేపటికి నాకు తలనొప్పి మొదలైంది. కుదుపులకేమో అనుకున్నాను. అక్క "తల పలుగుతాంది బాపమ్మా" అంది ఒకసారి. బాపమ్మ "జర పండు బిడ్డా" అని, తానే ముందు పడుకుంది. మరి కాసేపటికి నాకు కడుపులో తిప్పింది. కర్ర బరువైంది. కొడుతూనే అక్కను పిలిచాను. పలకలేదు. బాపమ్మను పిలిచాను. ఆమె గురక కూడా వినబడలేదు. బాపమ్మ గురక పెట్టని నిద్ర నేనెన్నడూ ఎరగను.

ఒక చేత్తో కొడుతూనే కాలు చాచి అక్క పాదాన్ని తట్టాను. పాదం అటు ఒరిగింది, అంతే. ఆమె పక్కన బట్టల మూటలో పిల్ల పొద్దుటి నుంచీ పిల్లికూనలా ఏదో ఒక చప్పుడు చేస్తూనే ఉండింది. ఇప్పుడు అదీ లేదు.

నా బతుకులో మళ్లీ ఎన్నడూ అంత భయపడలేదు. ఎంత భయమంటే ఏడుపు రాలేదు. కొట్టడం ఆపితే ఇంజను ఆగిపోతుంది. ఇది పులులు తిరిగే అడవి. పోయిన నెలే ఇక్కడ బండికి కట్టిన ఎద్దును పులి లాక్కుపోయిందని బాపు చెప్పగా విన్నాను. నా వల్ల లారీ ఇక్కడ ఆగితే, కదల్లేని అక్కను, పిల్లను పులి నోట్లో పెట్టినట్టే. అందుకని కొట్టాను. తల పగిలిపోతుంటే కూడా పళ్లు బిగబట్టి కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరించేది అక్కడే. నేను వేసే ఒక్కొక్క దెబ్బా ముందు కూర్చున్న చిచ్చాకు 'వెనక అంతా క్షేమం' అని చెబుతోంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలియదు.

ఎంతసేపు అలా కొట్టానో చెప్పలేను. చివరికి ఒక ఆలోచన వచ్చింది. పులి వస్తే చిచ్చా ఉన్నాడు, బాపు ఉన్నాడు, డ్రమ్ములో నిప్పు ఉంది. అక్క పలక్కపోవడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. లారీని ఆపేద్దాం అనుకున్నాను. కావాలనే కర్రను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నాను.

లారీ ఇంకా కొంత దూరం పోయింది. తర్వాత కీచుమని ఆగింది. నేనే ఆపాననుకున్నాను.

పరుగెత్తిన అడుగులు, చిచ్చా కేక, కత్తితో తాళ్లు తెగిన చప్పుడు. వెలుతురు కళ్లలో పడింది. ఆయన బట్టల మూట ఎత్తుకుని కిందికి దూకాడు. బాపు అక్కను భుజాన వేసుకుని దింపాడు. నేను పాకి అంచు దాకా వచ్చి కింద పడి వాంతి చేసుకున్నాను. బాపమ్మను ఇద్దరూ కలిసి లాగారు. దారి పక్కన గడ్డిలో, ఎదురుగాలికి అందరినీ పడుకోబెట్టారు. చిచ్చా పిల్ల మీది బట్టలు ఒక్కొక్కటే విప్పేసి, చలిగాలికి ఎదురుగా అరచేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. బాపమ్మకు అప్పుడే మెలకువ వచ్చి, లేవలేక, "గాలి… గాలి సోకుతది" అని గొణిగింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

నేను చిచ్చా లుంగీ పట్టుకున్నాను. "పాప బతుకుతదా చిచ్చా?" అని అడిగాను.

ఆయన నా వైపు చూసి, "తెల్వది బిడ్డా. జూడాలె" అన్నాడు.

చూశాం. పిల్ల కాళ్లు వేలాడుతున్నాయి. చిచ్చా దాని అరికాళ్లు రుద్దాడు, వీపు తట్టాడు, పెదవులు కదిలిస్తూ ఏదో చదువుకున్నాడు. అవతల అక్క దగ్గింది. బాపు ఆమె తల ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. చాలాసేపటికి పిల్ల ముఖం ముడుచుకుంది. తర్వాత ఏడ్చింది. గొంతు పెద్దగా లేదు గాని ఆపకుండా ఏడ్చింది. ఏడుపు వింటే అంత హాయిగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు.

అందరూ కాస్త తేరుకున్నాక చిచ్చా నా దగ్గర గొంతుకూర్చున్నాడు. తల ఎప్పటి నుంచి నొస్తోందని అడిగాడు. వాగు దాటినప్పటి నుంచి అన్నాను. "మరి గంతసేపు ఎందుకు కొట్టినవ్ బిడ్డా?" అన్నాడు.

"ఆపితే ఇంజను ఆగుతదని నువ్వే చెప్పినవు గదా."

ఆయన గొంతుకూర్చున్న మనిషి కాస్తా నేల మీద చతికిలబడ్డాడు. మసి చేతులతోనే ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు నాకు అంతా తెలుగులో చెప్పాడు. ఆ గ్యాసు కంటికి కనబడదని, వాసన రాదని, దిగుడులో ఇంజను దాన్ని సరిగా పీల్చుకోదని, అప్పుడు అది మూత సందు నుంచి బయటికి వస్తుందని, మూసిన చోట మనిషిని నిద్రపుచ్చి చంపుతుందని. చప్పుడు ఆగితే వెనక ఎవరికో బాగాలేదని తెలుసుకోవడానికే నన్ను కొట్టమన్నాడట. "తల నొస్తే కొట్టుడు ఆపు అని నీకు చెప్పాలె. చిన్నపోరివని కత చెప్పిన. తప్పు నాది, మాఫ్ చెయ్యి బిడ్డా" అన్నాడు. పెద్దవాళ్లు నన్ను కొట్టడం ఎరుగుదును, ముద్దు చేయడం ఎరుగుదును. తప్పు నాది అని ఒక పెద్దమనిషి నాతో అనడం అదే మొదటిసారి. నేను తల ఊపాను.

అక్క మళ్లీ లారీ ఎక్కనంది. పక్క గూడెం నుంచి ఎడ్లబండి మాట్లాడుకుని ఇల్లు చేరాం. చిచ్చా ఆ డ్రమ్మును విప్పి, తొట్టికి దూరంగా ముందువైపు బిగించాడు. మూత మాత్రం ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. మా అక్క బిడ్డ పెరిగి పెద్దదై నలుగురు పిల్లల్ని కన్నది. బాపమ్మ మాత్రం చనిపోయేదాకా అదంతా అడవి గాలి సోకడం వల్లనే అనేది. ఆమెతో వాదించి గెలిచిన వాళ్లు మా వంశంలో లేరు.

తర్వాత చాలా ఏళ్లకు, పెళ్లయి హుజూరాబాద్‌లో కాపురం ఉన్నప్పుడు, మా పెరట్లో గోడ లేని బావి ఉండేది. నా కొడుకు నాలుగేళ్లవాడు. అందరు తల్లుల్లాగే నేనూ బావిలో దెయ్యం ఉంది, పోవద్దు అని చెప్పాను. చెప్పిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దెయ్యం ఉదయం పూట ఉండదని వాడికి ఏ పిల్లవాడైనా చెబితే? తెల్లవారగానే వాణ్ణి బావి దగ్గరికి తీసుకెళ్లాను. నడుము రెండు చేతులా గట్టిగా పట్టుకుని లోపలికి చూపించాను. దెయ్యం లేదు, నేను అబద్ధం చెప్పాను అన్నాను. రాయి వేయించి చప్పుడు వినిపించాను. ఇది నీకన్నా, నాకన్నా లోతు, పడితే ఊపిరి ఆడదు, చచ్చిపోతావు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాడు నీళ్లను చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతుల్ని చూసి, "గట్ల వణుకుతున్నవేందే అవ్వా, నీకు భయమైతుందా?" అని అడిగాడు.

లేదు అని నోటి దాకా వచ్చింది. "అయితుంది బిడ్డా" అన్నాను.