కాగితం పాప ఎత్తు

తిరుపతిలో మా మేడమీద గదిలో కూర్చుని నేను కాగితాలు కోసి, మడిచి పుస్తకాలు చేస్తాను. అట్ట తెరిస్తే లోపల ఇల్లు, చెట్టు, మనుషులు లేచి నిలబడతారు. కోటి విద్యలూ కూటికొరకే అంటారుగానీ, నాది మైదా జిగురు ఖర్చుకు సరిపోయే విద్య.

ఒకసారి వడమాలపేట నుంచి ఒకామె వచ్చింది. జ్వరంతో పోయిన నాలుగేళ్ళ కూతురి ఫోటో తెచ్చింది. "మా ఇల్లు సెయ్యక్కా. గడపలో పాప నిలబడాల," అంది. చేసిచ్చాను. పుస్తకం తెరవగానే పాప లేచింది, తల్లి నవ్వింది. నాకు గర్వంగానే అనిపించింది.

ఏడాది తిరిగేసరికి చేతిలో కొత్త గౌనుతో మళ్ళీ వచ్చింది. మా వైపు పోయినవాళ్ళకు ఏటా కొత్తబట్టలు పెట్టి మొక్కుతారు. పసిబిడ్డ పోతే, బతికుంటే ఈపాటికి ఎంత పెరిగేదో ఊహించి ఆ సైజు కొంటారు. మొక్కు అయ్యాక ఆ ఈడు పిల్లకెవరికైనా ఇచ్చేస్తారు. "గౌను పెరిగినాది గదక్కా, పాపను గూడా పెంచు," అంది. నాకందులో వింతేమీ కనబడలేదు. పాత బొమ్మను ఊడదీసి, కాస్త పొడవుగా కోసి అతికించాను. గౌనంటే వేరే ఇంటికి పోతుంది, బొమ్మ మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోతుందన్న సంగతి నాకు తట్టలేదు.

ఇక ఏటా అదే వరస. ఒక ఏడు జడ వెయ్యమంది. ఇంకో ఏడు ముందరి పన్ను ఊడిందంది. ఆ తర్వాత ఏడు, "ఎడమకాలు ఈడుస్తాండాదక్కా, ఏమైందో సూడు," అంది. బతికుండగా పిల్లకు కాలు బాగానే ఉండేదట. పుస్తకం తిప్పి చూశాను. బొమ్మ ఎడమకాలి మడతలో నా జిగురు పిసరు గట్టిపడి, లేచేటప్పుడు పట్టేస్తోంది. నాకు భయమేసింది. ఆ పిసరు గీకి బాగుచేశాను.

కొన్నాళ్ళకు ఆమె భర్త ఒక్కడే వచ్చాడు. "ఇంక ఆ బొమ్మను కొయ్యొద్దమ్మా. పొయ్యి గూడా ముట్టించకుండా దాని ముందరే కూసుంటాది. బిడ్డ ఎట్లాగూ పోయె, పెండ్లాం గూడా నాకు దక్కేట్టు లేదు," అని ఏడ్చాడు. కొయ్యనని మాటిచ్చాను.

ఆ ఏడు ఆమె వస్తే, చేతులు నొప్పులు, పని మానేశానని అబద్ధమాడాను. ఆమె పోట్లాడలేదు. "పాపకు సెప్తాలే," అని మెట్లు దిగిపోయింది. ఆ రోజంతా కట్టర్ ముట్టబుద్ధి కాలేదు.

నెల తిరక్కుండా భర్త మళ్ళీ వచ్చాడు. చంకలో తువ్వాలు చుట్టిన పుస్తకం.

"ఆమెకెట్లుంది అన్నా?" అన్నాను ఆత్రంగా.

"బాగుండాది. దీని జోలికే రాలేదు. వంట సేస్తాండాది, పనికి పోతాండాది."

నా ప్రాణం కుదుటపడింది. కూర్చోమని కుర్చీ జరిపాను. ఆయన కూర్చోలేదు.

"ఇంటికప్పు రవ్వంత పైకి లేపియ్యమ్మా. తలకు తగలతాండాదంట. వొంగి వొంగి మెడ నొప్పంట."

"ఎవరు చెప్పారు? ఆమె దాని జోలికే రాలేదంటివే?"

తువ్వాలు మీద చెయ్యి వేసి మెల్లగా తడుతూ ఆయన నా వైపు చూశాడు.

"గట్టిగా మాట్లాడొద్దమ్మా. ఇప్పుడే పండుకునిండాది."