కొసరు తెలిసిన సాఫ్ట్‌వేర్

ముక్తేశ్వరంలో కనకరాజు గారి కొబ్బరికాయల కొట్లో లెక్కలన్నీ సత్యవేణే చూస్తుంది. మొగుడు పోయాక ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. ఇప్పుడు లెక్కలకి సాఫ్ట్‌వేర్ కొందామనుకున్న కనకరాజు గారు, ముందు కొన్నాళ్లు వాడి చూడమని ఆమెకే అప్పజెప్పారు. అది బాగుంటే తన పని పోయినట్టే.

ఎలా తిప్పి అడిగినా అది తప్పు చెయ్యలేదు. చివరికి దాన్ని అమ్మే భాస్కర్‌ని పట్టుకుంది.

“మేం ఒక్కో బేరగాడికీ ఒక్కోలా కొసరు కాయలేస్తామండీ. మీ మిషనుకి ఆ మర్యాదలేం తెలుస్తాయండీ?”

“చెప్తే ఎందుకు తెలీదండీ? ఎవరికెన్నో చెప్పండి మరి.”

రోషం కొద్దీ అందరి కొసర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అతను టీ చల్లారేలోగా అన్నీ ఎక్కించేశాడు. ఆపైన ఎవరి పేరు కొట్టినా బిల్లు సరిగ్గానే వచ్చింది.

“ఏమ్మా సత్యవేణీ, తీసుకోమంటావా?” అన్నారు కనకరాజు గారు.

అన్నీ సరిగ్గా వస్తుంటే వద్దని అబద్ధమాడలేకపోయింది.

“ఆయ్, బాగానే చేస్తందండీ.”

“నువ్వు చెప్పేవు గాబట్టే కొంటన్నానమ్మా!”

కొట్లో ఊడ్చే పనైనా ఇవ్వమని అడుగుదామనుకుంది. ఆయన అప్పటికే భాస్కర్‌తో బేరంలో పడ్డారు.