చీకటర్రల మొలకలు

ఆ ముసలవ్వ ఎవరో నాకు ఇప్పటికీ తెల్వదు. నిజాం కాలం, దసరా ముందటి రోజు. కామారెడ్డిల ఎల్లారెడ్డి బస్సెక్కితే, గుడ్డ కప్పిన గంప ఒడిల పెట్టుకొని నా పక్కన కూసున్నది. గంపల గోధుమ మొలకలు. వాటిని చీకటర్రల పెంచి, బంగారం లెక్క పసుపుపచ్చగైనంక పండుగనాడు అమ్మవారి ముందట పెట్టి, మొగోళ్ల తలపాగలల్ల చెక్కుతరట.

"మా తల్లిగారింటి ఆచారం, బిచ్కుంద దిక్కుది. దిగేముందు నీ టోపిల గూడ పెడ్త బిడ్డా," అన్నది.

పట్నంల సదువుతున్న నాకు నోరు ఊకుండలేదు. "అది బంగారం గాదవ్వా, ఆకలి. ఎండ తగిలితేనే ఆకు పచ్చగైతది, గాలిని, నీళ్లను కలిపి బువ్వ వండుకుంటది. మనం తినేదంతా ఆ వంటనే. చీకట్ల వండుకోలేక ఇవి గిట్ల పాలిపోయినయి," అన్న.

అవ్వ మొఖం చిన్నబోయింది. "నా ఇంట్ల కుక్కను గూడ పస్తు పెట్టలే. అమ్మవారి పేరు మీద వీటిని పెట్టిననా?" అని గుడ్డ తీసేసి, గంపను కిటికీల ఎండకు పట్టింది. తొవ్వ పొడుగునా దించలేదు.

ఎల్లారెడ్డి వచ్చింది. సిగ్గుతోటి ఆమె ముందట తల వంచిన. మొలక పెడ్తదనుకున్న. ఉత్త చెయ్యి పెట్టింది.

"వద్దు బిడ్డా. ఇప్పుడిప్పుడే తింటున్నయి."