వార్త కన్నా ముందే పుట్టిన లింకు

పేపర్లో పనిచేసినన్నాళ్లూ వార్త రాసి, చివరికి హెడ్డింగ్ పెట్టేవాళ్లం. కామారెడ్డిలో ఒక మొబైల్ షాపు మీది గదిలో నడిచే వార్తల సైటులో చేరాక ఆ వరస తిరగబడింది. ఇక్కడ ముందు లింకు పుడుతుంది. ఎక్కడినుంచో ఫోన్ రాగానే, సంగతి ఇంకా సగమే తెలిసినా, సైటు నడిపే ఆయన పేజీ అడ్రస్‌లో ఇంగ్లీషు మాటలు పేర్చేస్తాడు. ఊరు, మనిషి, జరిగింది. జనం సెర్చ్‌లో ఏ మాటలు కొడతారో అవే అడ్రస్‌లో ఉంటే మన పేజీ పైకి వస్తుందని ఆయన లెక్క. చాలాసార్లు వచ్చేది కూడా.

నాట్లు అయిపోతున్న రోజుల్లో నాగిరెడ్డిపేట దిక్కు నుంచి ఫోన్ వచ్చింది. పొలం దగ్గర ఒక రైతు చనిపోయాడు. అంతే తెలుసు. నాగిరెడ్డిపేట అని వెతికేవాళ్లు తక్కువ కాబట్టి ఆయన దాని పక్కనున్న పెద్ద ఊరి పేరు, 'ఎల్లారెడ్డి' అని కొట్టాడు. తర్వాత 'ఫార్మర్'. దాని పక్కన జనం ఎక్కువగా వెతికే మాట ఒకటుంది, చెయ్యి దానంతటదే పోయింది: 'సూసైడ్'.

సాయంత్రానికి అసలు సంగతి తెలిసింది. తడి చేత్తో బోరు మోటారు స్టార్టర్ ముట్టుకున్నాడు, షాక్ కొట్టింది. నేను వార్త మళ్లీ రాశాను. హెడ్డింగ్ మారింది, అడ్రస్ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అప్పటికే ఆ పేజీ సెర్చ్‌లో పైన ఉంది. 'ఎక్కిన పేజీని కదపొద్దన్నా' అనేవాడు ఆయన.

దినాలు అయిపోయాక ఆ రైతు భార్య ఎల్లారెడ్డిలో బస్సు మారి మా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ తీసి వాళ్ల ఊరి గ్రూపు చూపించింది. ఎవరో పంపిన మా లింకు, దాని మీద ఆ ఇంగ్లీషు అక్షరాలు.

"తెలుగుల మంచిగనే రాసిండ్రు సార్. ఈ ఇంగ్లీషుల ఉన్నది ఎవరు రాసిండ్రు?"

ఆయన కంప్యూటర్ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ ఒక్క మాటనే మరిది తన తల్లికి చదివి చెప్పాడట. అప్పటినుంచి అత్త కోడలు వండింది ముట్టడం లేదు. నువ్వేదో అంటేనే నా కొడుకు కరెంటు పట్టుకుండు అంటుందట. కోడలు లింకు నొక్కి, లోపలి తెలుగు వార్త చదివి వినిపిస్తే ముసలామె ఒక పూట ఊరుకుంటుంది. మర్నాడు మళ్లీ అదే.

అడ్రస్ మార్చవచ్చు గానీ, ఊళ్లో ఫోన్లలోకి పోయిన లింకుల మీద పాత మాటే ఉంటుందని ఆయన చెప్పాడు. అయితే మొత్తానికే తీసేయండి అంది ఆమె. ఆయనకు మనసొప్పలేదు. అయినా ఆమె ఎదురుగానే తీసేశాడు. ఆమె దండం పెట్టి దిగిపోయింది.

వారం తిరక్కముందే నాకు ఫోన్ చేసింది. ఊళ్లో ఇప్పుడు లింకు నొక్కితే ఏమీ రావడం లేదు. పైనున్న ఇంగ్లీషు మాట మాత్రం అట్లనే ఉంది. కామారెడ్డి పోయి తీయించి వచ్చింది, దాచుకునేది లేకుంటే ఎందుకు తీయిస్తది అని మరిది అందరి ముందర అన్నాడట. ఇన్నాళ్లు చదివి వినిపించడానికి ఒకటుండె, ఇప్పుడు అదీ లేదు అని చెప్పింది. గొంతులో ఏడుపు లేదు. అలిసిపోయింది, అంతే.

"మళ్ల పెట్టుండ్రి సార్. ఎక్కడుండెనో అక్కడ్నే పెట్టుండ్రి."

పాత అడ్రస్‌లోనే అని అర్థం. ఆమెను లైన్లో ఉంచే ఆయనకు చెప్పాను. ఆయన పేజీని ఆ సూసైడ్ అన్న మాట కిందే తిరిగి పెట్టాడు. ఫోన్ పెట్టేయకుండా ఉండమని ఆమె అడిగింది, ఉన్నాను. అవతల ఏదో గిన్నె పక్కకు జరిపిన చప్పుడు. లింకు నొక్కి, లైన్ కట్ చేయకుండానే ఫోన్ మరిది చేతిలో పెట్టి, నేను చదివితే నమ్మవు, నీ కొడుకుతోనే చదివించుకో అని ఆమె అత్తకు చెప్పడం వినబడింది. అతను తెలుగులో ఉన్నది మొదటిసారి మొత్తం చదివాడు. తడి చెయ్యి దగ్గర ఆగి, మళ్లీ అందుకున్నాడు.

చదవడం అయిపోయింది. తర్వాత ముసలి గొంతు.

"మల్లొక్కసారి చదువు బిడ్డా."